కొత్త ఈ-మెయిళ్లు రావడం ఆగినప్పుడు: లోపం ఎక్కడుందో తేల్చే పద్ధతి

బెల్తరా (బిలాస్‌పూర్): కంప్యూటర్‌లోని మెయిల్ ప్రోగ్రామ్ మామూలుగానే తెరుచుకుంటుంది. పాత ఉత్తరాలన్నీ యథాస్థానంలో కనిపిస్తాయి. ఎరుపు రంగు హెచ్చరిక ఏదీ ఉండదు. కొత్త ఉత్తరాలు మాత్రం రావు. రెండు మూడు రోజులు గడిచాక గానీ వినియోగదారుకు అనుమానం కలగదు. ఈలోగా రావలసిన నోటీసు, కాల్ లెటర్ లేదా బ్యాంకు సమాచారం ఎక్కడో ఆగిపోయి ఉంటుంది. డెస్క్‌టాప్ కంప్యూటర్లలో థండర్‌బర్డ్, అవుట్‌లుక్ వంటి ప్రోగ్రామ్‌లు వాడేవారికి ఇది తరచూ ఎదురయ్యే సమస్యే. అయితే దాని కారణాలు పరిమితం. ఒక క్రమంలో పరిశీలిస్తే, చాలా సందర్భాల్లో నిపుణుల సహాయం లేకుండానే లోపం ఎక్కడుందో తేల్చవచ్చు.

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాకు చెందిన బెల్తరా పరిసరాల్లో ఈ విషయానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. బిలాస్‌పూర్ 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం. ఛత్తీస్‌గఢ్ హైకోర్టు 2000లో రాష్ట్రావతరణతో పాటే ఇక్కడ ఏర్పడింది. సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ప్రధాన కార్యాలయం కూడా ఈ నగరంలోనే ఉంది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ ప్రాంతంలో ఉన్నాయి. విశ్రాంత ఉద్యోగుల పింఛను వ్యవహారాలు, న్యాయవాదుల కేసు పత్రాలు, బిలాస్‌పూర్ రైల్వే నియామక మండలి పరీక్షలు రాసే యువత దరఖాస్తులు అన్నీ నేడు ఏదో ఒక దశలో ఈ-మెయిల్‌తో ముడిపడినవే.

‘నాకు అందలేదు’ అంటే చెల్లుతుందా?

మెయిల్ ప్రోగ్రామ్ ఆగిపోవడాన్ని చిన్న అసౌకర్యంగా భావించి వదిలేయడానికి వీల్లేకపోవడానికి చట్టపరమైన కారణం కూడా ఉంది. సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 13వ సెక్షన్ ఎలక్ట్రానిక్ సందేశం ఎప్పుడు అందినట్టు పరిగణించాలో నిర్దేశిస్తుంది. ఇరుపక్షాల మధ్య వేరే ఒప్పందం లేనప్పుడు, గ్రహీత ఒక నిర్దిష్ట కంప్యూటర్ వనరును సూచించి ఉంటే, సందేశం అందులోకి ప్రవేశించిన సమయమే అది అందిన సమయం. గ్రహీత దానిని తెరిచాడా, చదివాడా అన్నది అక్కడ ప్రశ్న కాదు.

ఆదాయపు పన్ను శాఖ నమోదిత ఈ-మెయిల్ చిరునామాకు నోటీసులు పంపుతుంది. వాటికి సమాధానమిచ్చే గడువు నోటీసులోనే ఉంటుంది. రైల్వే నియామక మండళ్లు కూడా నియామక ప్రక్రియ ముగిసే వరకు నమోదిత మొబైల్ నంబరు, ఈ-మెయిల్ చిరునామా పనిచేస్తూ ఉండాలని అభ్యర్థులకు సూచిస్తాయి. ఉత్తరం సర్వర్‌కు చేరి, ఇంట్లోని కంప్యూటర్‌కు మాత్రం చేరకపోతే ఆ నష్టాన్ని భరించవలసింది గ్రహీతే.

ఉత్తరం ప్రయాణించే దారి

లోపాన్ని వెదికే ముందు ఉత్తరం ఏ దారిలో వస్తుందో తెలుసుకోవడం అవసరం. రైల్వే పార్సిల్‌తో పోల్చి చూస్తే ఇది సులభంగా అర్థమవుతుంది. ఎక్కడి నుంచో బయలుదేరిన పార్సిల్ ముందుగా గమ్యస్థానంలోని పార్సిల్ ఆఫీసుకు చేరుతుంది. అక్కడి నుంచి దానిని ఇంటికి తెచ్చుకోవడం వేరే పని. ఈ-మెయిల్ కూడా అంతే. పంపినవారి సర్వర్ నుంచి ఉత్తరం గ్రహీత ఖాతా ఉన్న సర్వర్‌కు చేరడం మొదటి అంచె. ఆ సర్వర్ నుంచి కంప్యూటర్‌లోని మెయిల్ ప్రోగ్రామ్ దానిని తెచ్చుకోవడం రెండవ అంచె.

ఈ రెండవ అంచెకు రెండు పద్ధతులున్నాయి. మొదటిది పాప్. 1984లో రూపుదిద్దుకున్న ఈ పద్ధతిలో మూడవ రూపమైన పాప్3 నేటికీ వాడుకలో ఉంది. ఇది ఉత్తరాలను సర్వర్ నుంచి కంప్యూటర్‌లోకి దింపుతుంది. అమరికను బట్టి సర్వర్‌లోని ప్రతిని తొలగిస్తుంది లేదా ఉంచుతుంది. రెండవది ఐమ్యాప్. 1986లో మార్క్ క్రిస్పిన్ రూపొందించిన ఈ పద్ధతిలో ఉత్తరాలు సర్వర్‌లోనే ఉంటాయి. కంప్యూటర్, ఫోన్ రెండూ వాటి ప్రతిబింబాన్ని చూపిస్తాయి. ఖాతా ఏ పద్ధతిలో ఉందన్నది మెయిల్ ప్రోగ్రామ్‌లోని ఖాతా అమరికల్లో కనిపిస్తుంది. ముందుగా దానిని కాగితంపై రాసిపెట్టుకోవడం మంచిది.

మొదటి పరీక్ష: బ్రౌజర్‌లో తెరిచి చూడడం

మెయిల్ ప్రోగ్రామ్‌లో ఏ అమరికనూ మార్చకముందే చేయవలసిన పని ఒకటుంది. అదే ఖాతాను బ్రౌజర్ ద్వారా, మెయిల్ సంస్థ వెబ్‌సైట్‌లో తెరిచి చూడాలి. తర్వాత మరో చిరునామా నుంచి ఆ ఖాతాకు ఒక చిన్న ఉత్తరం పంపాలి.

ఆ ఉత్తరం వెబ్‌సైట్‌లోనూ కనిపించకపోతే లోపం మొదటి అంచెలో ఉంది. అప్పుడు కంప్యూటర్‌లో ఎన్ని అమరికలు మార్చినా ఫలితం ఉండదు. వెబ్‌సైట్‌లో కనిపించి, కంప్యూటర్‌లో కనిపించకపోతే లోపం రెండవ అంచెలో ఉంది. అప్పుడు ఉత్తరాలు భద్రంగానే ఉన్నట్టు. పని ఆగకుండా ముఖ్యమైనవాటిని వెబ్‌సైట్‌లోనే చదువుకుని, మరమ్మతును నిదానంగా చేసుకోవచ్చు. రెండు మూడు నిమిషాల ఈ పరీక్ష వెదకవలసిన చోటును సగానికి తగ్గిస్తుంది.

వెబ్‌సైట్‌లోనూ ఉత్తరం లేకపోతే

ఈ సందర్భంలో మొదట చూడవలసింది ఖాతాలోని నిల్వ స్థలం. జీమెయిల్ ఉచిత ఖాతాకు 15 జీబీ స్థలం ఇస్తుంది. అయితే అది ఒక్క ఉత్తరాలకే కాదు, గూగుల్ డ్రైవ్‌కు, గూగుల్ ఫోటోస్‌కు కలిపి ఇచ్చిన స్థలం. ఫోన్‌లోని ఫోటోలు, వీడియోలు తమంతట తాముగా అందులోకి చేరుతుంటే, ఉత్తరాలు తక్కువగా ఉన్నా స్థలం నిండిపోవచ్చు. నిండిన తర్వాత కొత్త ఉత్తరాలు లోపలికి రావు. పెద్ద జోడింపులున్న ఉత్తరాలను, అక్కరలేని వీడియోలను తొలగించి, ట్రాష్‌ను కూడా ఖాళీ చేస్తేనే స్థలం తిరిగి లభిస్తుంది.

ఇలా ఆగిన ఉత్తరాలన్నీ వెంటనే పోయినట్టు కాదు. గ్రహీత సర్వర్ తాత్కాలికంగా తీసుకోలేనని చెప్పినప్పుడు, పంపిన సర్వర్ కొంత విరామంతో మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. ఈ-మెయిల్ రవాణా ప్రమాణాల ప్రకారం ఈ ప్రయత్నం సాధారణంగా 4 నుంచి 5 రోజుల పాటు సాగాలి. ఆ తర్వాత ఉత్తరం పంపినవారికే తిరిగి వెళుతుంది. కాబట్టి స్థలం నిండిన సంగతిని వెంటనే గుర్తించి ఖాళీ చేసినవారికి ఆగిన ఉత్తరాలు అందే అవకాశం ఉంటుంది. వారం దాటాక గుర్తించినవారు మాత్రం పంపినవారిని మళ్లీ పంపమని అడగవలసిందే. సర్వర్ శాశ్వతంగా నిరాకరించిన సందర్భంలో ఈ వ్యవధి కూడా ఉండదు.

రెండవది స్పామ్ ఫోల్డర్. కార్యాలయాల నుంచి ఒకేసారి వేలమందికి వెళ్లే ఉత్తరాలు అందులో పడే అవకాశం ఎక్కువ. జీమెయిల్‌ను పాప్ పద్ధతిలో వాడేవారికి స్పామ్‌లోని ఉత్తరాలు కంప్యూటర్‌లోకి అసలు దిగవు. వెబ్‌సైట్‌లో చూస్తేనే కనిపిస్తాయి.

మూడవది ఫిల్టర్లు, ఫార్వర్డింగ్ అమరికలు. ఖాతాలో ఎప్పుడో పెట్టి మరచిన నియమం కొన్ని ఉత్తరాలను వేరే ఫోల్డర్‌కు పంపుతూ ఉండవచ్చు. వినియోగదారు పెట్టని నియమం కనిపిస్తే మాత్రం దానిని తీవ్రంగా పరిగణించాలి. ఖాతాలోకి చొరబడినవారు తమకు ప్రతి వెళ్లేలా ఫార్వర్డింగ్ పెట్టడం, బ్యాంకు హెచ్చరికలు తొలగిపోయేలా ఫిల్టర్ రాయడం తెలిసిన మోసపు పద్ధతులే. అటువంటి నియమాన్ని తొలగించి, పాస్‌వర్డ్ మార్చి, ఖాతాలో ప్రవేశించి ఉన్న ఇతర పరికరాలన్నిటినీ బయటకు పంపి, రెండంచెల ధ్రువీకరణను ప్రారంభించాలి.

వెబ్‌సైట్‌లో ఉండి కంప్యూటర్‌లో లేకపోతే

ఇక్కడ సులభమైన కారణాలతో మొదలుపెట్టి కఠినమైనవాటి వైపు వెళ్లాలి.

మొట్టమొదట ‘వర్క్ ఆఫ్‌లైన్’ అన్న అమరిక చూడాలి. థండర్‌బర్డ్‌లోనూ, పాత తరహా అవుట్‌లుక్‌లోనూ ఇది ఉంది. పొరపాటున ఒక్కసారి నొక్కితే ప్రోగ్రామ్ సర్వర్‌ను సంప్రదించడం మానేస్తుంది. బ్రౌజర్ పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి ఇంటర్నెట్‌లో లోపం లేదని వినియోగదారు భావిస్తాడు. ప్రోగ్రామ్ అడుగుభాగంలోని స్థితి వరుసలో ఈ సమాచారం కనిపిస్తుంది.

తర్వాత ఇన్‌బాక్స్ చూపే తీరు గమనించాలి. ఉత్తరాల వరుస పాతవి పైకి వచ్చేలా మారితే కొత్తవి అట్టడుగున చేరతాయి. చదవనివి మాత్రమే చూపే అమరిక, అవుట్‌లుక్‌లో ‘ఫోకస్డ్’, ‘అదర్’ అన్న విభజన కూడా ఉత్తరాలు రాలేదన్న భ్రమ కలిగిస్తాయి. వచ్చిన ఉత్తరం కోసం పంపినవారి పేరుతో వెదికితే విషయం తేలిపోతుంది.

ఈ రెండూ సరిగా ఉన్నాయని తేలాక పాస్‌వర్డ్ వంతు వస్తుంది. ఫోన్‌లో పాస్‌వర్డ్ మార్చుకుని, కంప్యూటర్‌లో మార్చడం మరచిపోవడం సర్వసాధారణం. పాస్‌వర్డ్ అడిగే చిన్న పెట్టె ఇతర కిటికీల వెనుక దాగిపోవడం వల్ల కూడా ఉత్తరాలు ఆగుతాయి.

పాత పాస్‌వర్డ్ పద్ధతికి తెర

కొన్నేళ్లు ఏ ఇబ్బందీ లేకుండా పనిచేసిన ప్రోగ్రామ్ హఠాత్తుగా ఆగిపోతే, పాస్‌వర్డ్ సరైనదే అయినా తప్పని చెబుతుంటే, కారణం వినియోగదారు పొరపాటు కాకపోవచ్చు. పెద్ద సంస్థలు ప్రవేశ పద్ధతినే మార్చాయి.

గతంలో మెయిల్ ప్రోగ్రామ్ పాస్‌వర్డ్‌ను తన వద్ద ఉంచుకుని ప్రతిసారీ సర్వర్‌కు పంపేది. ఆ పాస్‌వర్డ్ ఎవరి చేతికైనా చిక్కితే ఖాతా మొత్తం వారి అధీనమయ్యేది. అందువల్ల గూగుల్ 2022 మే 30 నుంచి వ్యక్తిగత ఖాతాల్లో ఈ తరహా ప్రవేశాన్ని నిలిపివేసింది. మైక్రోసాఫ్ట్ 2022 అక్టోబరు నుంచి సంస్థల ఖాతాల్లోనూ, 2024 సెప్టెంబరు 16 నుంచి అవుట్‌లుక్, హాట్‌మెయిల్ వ్యక్తిగత ఖాతాల్లోనూ దానిని ఆపివేసింది. దీని స్థానంలో వచ్చిన పద్ధతి పేరు ఓఆత్. ఇందులో వినియోగదారు సంస్థ వెబ్ పేజీలోనే ప్రవేశిస్తాడు. మెయిల్ ప్రోగ్రామ్‌కు పాస్‌వర్డ్ కాకుండా ఒక అనుమతి చీటీ మాత్రమే అందుతుంది.

థండర్‌బర్డ్ వాడేవారు ఖాతా సర్వర్ అమరికల్లో ధ్రువీకరణ పద్ధతిని ‘ఓఆత్2’గా మార్చి ప్రోగ్రామ్‌ను మళ్లీ తెరిస్తే, ప్రవేశ పేజీ దానంతట అదే వస్తుంది. ఓఆత్ తెలియని పాత ప్రోగ్రామ్‌లు వాడేవారికి జీమెయిల్‌లో ఒక ప్రత్యామ్నాయం ఉంది. రెండంచెల ధ్రువీకరణ ప్రారంభించిన తర్వాత ‘యాప్ పాస్‌వర్డ్’ పేరిట 16 అక్షరాల ప్రత్యేక సంకేతాన్ని పొందవచ్చు. ప్రధాన పాస్‌వర్డ్ మార్చిన ప్రతిసారీ అది రద్దవుతుంది కాబట్టి కొత్తది తీసుకోవాలి. మైక్రోసాఫ్ట్ వ్యక్తిగత ఖాతాలకు ఈ వెసులుబాటు ఇప్పుడు పనికిరాదు. అక్కడ ఓఆత్ తెలిసిన ప్రోగ్రామ్‌కు మారడమే మార్గం.

కొన్ని ప్రోగ్రామ్‌ల ఆయుష్షే ముగిసింది. విండోస్‌తో పాటు వచ్చిన ‘మెయిల్’ యాప్‌కు మైక్రోసాఫ్ట్ 2024 డిసెంబరు 31తో మద్దతు ఉపసంహరించింది. విండోస్ 7కు 2020 జనవరి 14తో, విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో సాధారణ మద్దతు ముగిసింది. సర్వర్‌కూ కంప్యూటర్‌కూ మధ్య సమాచారాన్ని రహస్యంగా ఉంచే టీఎల్‌ఎస్ అనే పద్ధతిలో 1.0, 1.1 రూపాలను ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ 2021 మార్చిలో వాడుక నుంచి తప్పించింది. వాటినే నమ్ముకున్న పాత ప్రోగ్రామ్‌లతో మాట్లాడటానికి చాలా సర్వర్లు నేడు నిరాకరిస్తాయి.

గడియారం, ద్వారాలు, కాపలాదారు

తెలియక చాలామంది పట్టించుకోని కారణం కంప్యూటర్ గడియారం. మదర్‌బోర్డుపై ఉండే నాణెం ఆకారపు బ్యాటరీ అరిగిపోతే, విద్యుత్తు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ కొన్నేళ్లు వెనక్కి వెళ్లిపోతుంది. సర్వర్ తన గుర్తింపుగా చూపే ధ్రువపత్రానికి ఆరంభ తేదీ, గడువు తేదీ ఉంటాయి. కంప్యూటర్ పాత సంవత్సరంలో ఉంటే ఆ ధ్రువపత్రం ఇంకా అమల్లోకి రాలేదని భావించి సంబంధాన్ని తెంచుకుంటుంది. తేదీ, సమయం, భారత కాలమండలం సరిచేస్తే సమస్య తీరుతుంది. మళ్లీ మళ్లీ తేదీ తప్పుతుంటే సీఆర్2032 రకం బ్యాటరీని మార్చాలి. చాలా డెస్క్‌టాప్‌లలో వాడేది ఇదే.

సర్వర్ అమరికలు కూడా సరిచూడాలి. సురక్షిత ఐమ్యాప్‌కు పోర్టు సంఖ్య 993, సురక్షిత పాప్‌కు 995. రక్షణ లేని పాత అమరికల్లో ఇవి 143, 110గా ఉండేవి. పాత సంఖ్యలే మిగిలి ఉంటే కొత్తవి నమోదు చేసి, ఎస్‌ఎస్‌ఎల్ లేదా టీఎల్‌ఎస్‌ను ఎంచుకోవాలి. ఉత్తరాలు వెళుతున్నా రాకపోవడం వింతేమీ కాదు. పంపడానికి వేరే సర్వర్, 465 లేదా 587 అన్న వేరే పోర్టు ఉంటాయి. ఒకటి పనిచేస్తున్నంత మాత్రాన రెండవది పనిచేస్తున్నట్టు కాదు.

యాంటీవైరస్, ఫైర్‌వాల్ ప్రోగ్రామ్‌లు వచ్చే ఉత్తరాలను మధ్యలో ఆపి పరిశీలిస్తాయి. వాటి తాజా మార్పు తర్వాత ఉత్తరాలు ఆగిపోతే, ఈ-మెయిల్ పరిశీలన అన్న ఒక్క అంశాన్ని కాసేపు ఆపి చూడవచ్చు. యాంటీవైరస్ మొత్తాన్ని తొలగించవలసిన అవసరం లేదు. పరీక్ష ముగిశాక దానిని పూర్వస్థితికి తేవడం మరవరాదు.

కంప్యూటర్‌లోని నిల్వ నిండితే

సర్వర్‌లో స్థలం ఉన్నా, కంప్యూటర్‌లోని నిల్వ ఫైలు నిండిపోవచ్చు. అవుట్‌లుక్ ఉత్తరాలను పీఎస్‌టీ అనే ఒకే ఫైలులో ఉంచుతుంది. 2002 వరకు వచ్చిన రూపాల్లో దాని పరిమితి 2 జీబీ. 2003, 2007 రూపాల్లో 20 జీబీ. 2010 నుంచి 50 జీబీ. పరిమితికి చేరువైన ఫైలు కొత్త ఉత్తరాలను స్వీకరించదు, కొన్నిసార్లు చెడిపోతుంది. అవుట్‌లుక్‌తో పాటు లభించే ‘ఇన్‌బాక్స్ రిపేర్ టూల్’ చెడిన ఫైలును చాలావరకు బాగుచేయగలదు. థండర్‌బర్డ్‌లో తొలగించిన ఉత్తరాలు కూడా ఫోల్డర్‌ను కుదించే వరకు స్థలాన్ని ఆక్రమించే ఉంటాయి. అందుకు ‘కాంపాక్ట్’, సూచిక చెడితే ‘రిపేర్ ఫోల్డర్’ అన్న ఆదేశాలున్నాయి.

పాప్ పద్ధతిలో మరో చిక్కు ఉంది. ఒక ఉత్తరం చాలా పెద్దదైనా, చెడినదైనా ప్రోగ్రామ్ అక్కడే ఆగి, దాని వెనుక ఉన్నవాటిని దింపదు. వెబ్‌సైట్‌లోకి వెళ్లి ఆ ఉత్తరాన్ని వేరే ఫోల్డర్‌కు తరలిస్తే మిగతావి వస్తాయి. జీమెయిల్‌ను ఒకటి కంటే ఎక్కువ కంప్యూటర్లలో పాప్ ద్వారా వాడితే, ఒకదాంట్లో దిగిన ఉత్తరం రెండవదాంట్లోకి రాకపోవచ్చు. ఇల్లు, కార్యాలయం, ఫోన్ మూడింటిలో ఒకే ఖాతా చూసేవారికి ఐమ్యాప్ పద్ధతే అనువైనది. అయితే దానికీ పరిమితి ఉంది. జీమెయిల్ ఒక ఖాతాకు ఏకకాలంలో 15 ఐమ్యాప్ సంబంధాలను మాత్రమే అనుమతిస్తుంది. ఒక్కో పరికరం పలు సంబంధాలను తెరుస్తుంది కాబట్టి, పరికరాలు ఎక్కువైతే కొన్నిటికి ఉత్తరాలు రావడం నిలిచిపోవచ్చు.

తొందరపడి చేయకూడనివి

ఉత్తరాలు రానప్పుడు చాలామంది ఖాతాను ప్రోగ్రామ్ నుంచి తొలగించి మళ్లీ చేరుస్తారు. ఐమ్యాప్ ఖాతాల విషయంలో సాధారణంగా ఇది ప్రమాదకరం కాదు, ఉత్తరాలు సర్వర్‌లో ఉంటాయి కాబట్టి. పాప్ ఖాతాల విషయంలో మాత్రం ఏళ్ల తరబడి దాచుకున్న ఉత్తరాలకు ఆ కంప్యూటర్‌లోని ప్రతే ఏకైక ప్రతి కావచ్చు. ఖాతాతో పాటు అదీ పోతే తిరిగి తెచ్చుకునే దారి ఉండదు. అందువల్ల ఏ మరమ్మతుకైనా ముందు అవుట్‌లుక్ పీఎస్‌టీ ఫైలును, థండర్‌బర్డ్ ప్రొఫైల్ ఫోల్డర్‌ను ప్రోగ్రామ్ మూసివేసిన తర్వాత పెన్‌డ్రైవ్‌లోకి గానీ వేరే డిస్కులోకి గానీ నకలు చేసుకోవాలి. ఒకేసారి నాలుగైదు అమరికలు మార్చడమూ తగదు. ఒక్కొక్కటిగా మార్చి, ప్రతి మార్పు తర్వాత పరీక్షించి, ఫలితం లేకపోతే పూర్వస్థితికి తేవాలి.

ఇంటర్నెట్‌లో వెదికి దొరికిన ‘కస్టమర్ కేర్’ నంబర్లకు ఫోన్ చేయడం మరో ప్రమాదం. పేరున్న సంస్థల పేరుతో మోసగాళ్లు నకిలీ నంబర్లను ప్రచారంలో పెడతారు. కంప్యూటర్‌ను దూరం నుంచి నడిపించే యాప్‌ను ఎక్కించమని, తెరపై వచ్చిన ఓటీపీ చెప్పమని అడుగుతారు. ‘మీ మెయిల్‌బాక్స్ నిండిపోయింది, ఇక్కడ నొక్కండి’ అంటూ వచ్చే ఉత్తరాలు కూడా పాస్‌వర్డ్ కాజేసే వలలే. నిల్వ వివరాలను ఖాతాలోకి స్వయంగా ప్రవేశించి చూడాలే గానీ, అటువంటి లంకెల ద్వారా కాదు. డబ్బు పోయినట్టు గుర్తిస్తే ఆలస్యం చేయక జాతీయ సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫిర్యాదు చేయాలి.

మళ్లీ వచ్చాక

లోపం సరిదిద్దిన తర్వాత వేరే ఖాతా నుంచి పరీక్ష ఉత్తరం పంపి, అది వెబ్‌సైట్‌లోనూ కంప్యూటర్‌లోనూ కనిపిస్తున్నదని నిర్ధారించుకోవాలి. ఉత్తరాలు ఆగిన తేదీ నుంచి వచ్చినవాటిని, స్పామ్‌తో సహా, వెబ్‌సైట్‌లో ఒకసారి వరుసగా చూడాలి. గడువున్న నోటీసు ఏదైనా ఉంటే మొదట దాని సంగతి తేల్చాలి. ఉత్తరాలు తిరిగి వెళ్లే అవకాశం ఉన్నట్టయితే కార్యాలయాలకు, న్యాయవాదికి, బ్యాంకుకు ఆ విషయం తెలపడం మేలు.

కాల్ లెటర్ కోసం ఎదురుచూసే అభ్యర్థి అయినా, పింఛను ఉత్తరం కోసం చూసే విశ్రాంత ఉద్యోగి అయినా వారానికి ఒకసారి ఖాతాను బ్రౌజర్‌లో తెరిచి, నిల్వ స్థలం, స్పామ్ చూసుకోవడం అలవాటు చేసుకుంటే సరిపోతుంది. పార్సిల్ ఆఫీసుకు చేరిన సరుకు తానై ఇంటికి నడిచి రాదు. ఇంట్లోని ప్రోగ్రామ్ మౌనంగా ఉన్నంత మాత్రాన సర్వర్‌లో ఉత్తరం లేదని అనుకోరాదు.